కొసరు గోళీ

మా దుకాణానికి వచ్చినవాళ్లు లెక్క తేలాక కూడా వెంటనే కదలరు. చెయ్యి చాచి నిలబడతారు. కొసరు కోసం. తెచ్చిన చింతపండు తూకం వేయించుకుని, ఉప్పూ నూనె సబ్బులూ కట్టించుకున్నాక, చివర్న ఊరికే వచ్చేది ఏదో ఒకటి అరచేతిలో పడాలి. పడకపోతే వాళ్ల దృష్టిలో ఆ బేరం ముగిసినట్టు కాదు. మా మామగారి కాలంలో కొసరంటే గుప్పెడు ఉప్పు, లేకపోతే రెండు ఎండుమిరపకాయలు. ఆయన పోయి మా ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాక కొసరు మారింది. నారింజ రంగు నొప్పి గోళీ ఒకటి చేతిలో పెట్టడం మొదలుపెట్టాడు.

మాది దోర్నపాల్, భద్రాచలం నుంచి సరిహద్దు దాటి పైకి వస్తే తగులుతుంది. జగదల్‌పూర్ నుంచి కొంటా పోయే పెద్దరోడ్డు మీద బజారు ఊరు. లోపల చింతలనార్ వైపు పల్లెల్లోంచి జనం మా సంతకు వస్తారు. ఇప్పుడు జీపులూ బస్సులూ తిరుగుతున్నాయి గానీ, రోడ్డెక్కే దాకా చాలామందికి నడకే. భుజాన కావడి, నెత్తిన గంప. దుకాణం మెట్టు మీద కూలబడి కాళ్లు చాపుకున్నాక, ఏ భాష మాట్లాడేవాళ్లయినా ముందు చెప్పేది నొప్పి గురించే. కొందరు దర్ద్ అంటారు, కొందరు నొప్పి అంటారు, కొందరు ఏమీ అనకుండా నడుం మీద చెయ్యి వేసి చూపిస్తారు. ఎదుటివాళ్ల నొప్పి చూస్తే మా ఆయన ఆగలేడు. ఒకరికి ఇచ్చాడు, ఇద్దరికి ఇచ్చాడు, ఏడాది తిరిగేసరికి అది ఆనవాయితీ అయింది. గోళీ సేటు అని పేరు కూడా పడింది. ఆ పేరుకి లోలోపల మురిసిపోయేవాడని నాకు తెలుసు.

ఆ గోళీ నాకు మొదట్నుంచీ గిట్టదని ఇప్పుడంటే కోతలు కోసినట్టు ఉంటుంది. గిట్టేది. తలనొప్పి వస్తే నేనూ ఆ డబ్బాలోనే చెయ్యి పెట్టేదాన్ని. మందుల షాపు వేరు, కిరాణా వేరు అనే పట్టింపు మా దగ్గర ఎవరికీ లేదు. అగ్గిపెట్టెల పక్కన, షాంపూ పొట్లాల దండల పక్కన, గోళీల అట్టలు కూడా వేలాడుతూ ఉండేవి.

మా ఆయనకి కిడ్నీలు పోయాకే నా చూపు మారింది. ఎందుకు పోయాయో ఎవరూ గట్టిగా చెప్పలేదు. బీపీ ఉన్న సంగతి తెలియకుండానే ఏళ్లు గడిపేశారని ఒక డాక్టరు, నడుం నొప్పికని మింగిన గోళీలూ ఒక చెయ్యి వేసి ఉండొచ్చని ఇంకో డాక్టరు అన్నారు. ఏదైతేనేం, భద్రాచలంలో డయాలసిస్ అయింది, మనిషి సగం అయ్యాడు, చివరికి హైదరాబాద్‌లో నా ఎడమ కిడ్నీ తీసి ఆయనకి పెట్టారు. "ఇగ నువ్వు అలిగి పుట్టింటికి పోయినా సగం ఈడనే ఉంటవ్" అని మా అత్తగారు నవ్వుతూనే ఏడ్చింది.

ఆసుపత్రి నుంచి పంపేరోజు డాక్టరమ్మ మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి మందులన్నీ బల్ల మీద పరిచింది. కొత్త కిడ్నీ మీ ఒంటికి పరాయిది అంది. ఒంట్లోని కాపలావాళ్లు దాన్ని దొంగ అనుకుని తరుముతారు, వాళ్లని కాస్త జోకొట్టి పడుకోబెట్టడానికే ఈ గోళీలు, బతికున్నంత కాలం పొద్దునా సాయంత్రం వేళ తప్పకుండా వేసుకోవాలి అంది. మా ఆయన బుద్ధిగా తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు కొత్త కాదు. గోధుమపిండి తెమ్మంటే కూడా అలాగే ఊపి బియ్యప్పిండి తెస్తాడు.

"ఇప్పుడు అసలు మాట చెప్తున్నా, అమ్మా, మీరు కూడా వినండి. నొప్పి గోళీలు ముట్టుకోవద్దు" అంది డాక్టరమ్మ. "కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి గొట్టాలుంటాయి. ఈయన వేసుకునే పెద్ద మందు, అదే కాపలాని జోకొట్టేది, వాటిని కొంచెం బిగిస్తుంది. అది తప్పదు, అందుకే రక్తం చూసుకుంటూ మోతాదు సరిచేస్తుంటాం. నొప్పి గోళీ కూడా వచ్చి చేరిందంటే, ఆ గొట్టాలు తెరుచుకునే దారి మూసేస్తుంది. తడిబట్టని ఇద్దరు చెరో కొస పట్టుకుని పిండినట్టు అవుతుంది."

"మరి నొప్పొస్తే ఏం జేయాలె?" అన్నాను.

"పారాసెటమాల్. అది కూడా మేం రాసిచ్చిన మోతాదు దాటకుండా. ముందు జ్వరం ఉందేమో కొలిచి చూడండి. ఉంటే గోళీ మింగి పడుకోకుండా మాకు ఫోన్ చేయండి. ఈయనకి కాపలా తక్కువ. చిన్న జ్వరం వెనక పెద్ద జబ్బు ఉండొచ్చు. గోళీతో వేడి దిగుతుంది గానీ జబ్బు దిగదు." జలుబు గోళీల్లో కూడా పారాసెటమాల్ కలిపి ఉంటుందనీ, తెలియక ఒకదాని మీద ఒకటి వేస్తే ఎక్కువైపోతుందనీ, కొన్నింట్లో నొప్పి మందు కూడా ఉంటుందనీ చెప్పింది. నొప్పికి పూసే మందులైనా అడక్కుండా రాయొద్దంది. పంపరపనస తినొద్దంది, అది మందు బలాన్ని రక్తంలో పెంచేస్తుందట. చివర్న, నాటు మందులు అసలే వద్దంది. వాటిలో ఏముందో తమకే తెలియదంది. మా ఆయన మళ్లీ తల ఊపాడు.

ఇంటికొచ్చాక నాకు కాలు నిలవలేదు. కాలు కాలిన పిల్లిలా దుకాణానికీ వంటింటికీ మధ్య తిరిగేదాన్ని. వేలాడే అట్టలన్నీ తెంపి పడేశాను. కళ్లజోడు పెట్టుకుని ప్రతి జలుబు మందు అట్ట వెనక చీమ కాళ్లంత అక్షరాలు చదివేదాన్ని. ఆయన తుమ్మితే జ్వరంపుల్ల, దగ్గితే జ్వరంపుల్ల. ఫోనులో అలారం మోగకముందే నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడేదాన్ని. ఎవరింటికైనా భోజనానికి వెళ్తే, ఆయన పక్కన కూర్చుని కూరల్లో ఏం వేశారో ఆరా తీసేదాన్ని. బంధువులు నన్ను పోలీసమ్మ అనడం మొదలుపెట్టారు.

ఒక్క విషయంలో మాత్రం నా మాట నెగ్గలేదు. కొసరు గోళీ ఆపనన్నాడు.

"నాకు పడకపోతే నేను మింగ. వాళ్లకేమైంది? కొండంత బరువు మోసుకొని వస్తరు. ఒక్క గోళీ ఇస్తే పోయేదేముంది?" అన్నాడు.

డబ్బా గల్లాపెట్టె కింద ఉండిపోయింది. సంతరోజున ఆయన అందులోంచి ఒక్కొక్కటే తీసి చేతుల్లో పెడుతుంటే నేను బియ్యం బస్తాల పక్కన నిలబడి చూసేదాన్ని. గోళీ ఆయన వేళ్ల నుంచి వాళ్ల అరచేతికి చేరేదాకా నా కళ్లు దాన్ని వదిలేవి కాదు. దారిలో నోట్లో వేసుకుంటాడేమోనని భయం. ఆయన వేళ్లకి ఆ నారింజ రంగు అంటుకుంటే నాకు ఒళ్లు మండేది, చెయ్యి కడుక్కునేదాకా అన్నం పెట్టేదాన్ని కాదు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే" అనేవాడు.

"కంద నాదే కాబట్టి" అనేదాన్ని.

అలా రెండేళ్లు గడిచాయి. కిడ్నీ పనితీరు చూపించే క్రియాటినిన్ అంకె ప్రతి పరీక్షలోనూ కుదురుగా ఉంది. రక్తం భద్రాచలంలో ఇచ్చేవాళ్లం, మా పుట్టిల్లు కూడా అక్కడే. ముందురోజు వెళ్లి పడుకుని, పొద్దున గోళీ వేసుకోకముందే రక్తం ఇచ్చి, అప్పుడు వేసుకోవాలి. దారిలో తనిఖీ నాకాల దగ్గర జవాన్లు సంచీ తెరిచి "ఇత్నీ దవాయీ?" అని, ఇన్ని మందులెందుకని అడిగేవాళ్లు. నేను నా హిందీలో కిడ్నీ కథంతా చెప్పేదాన్ని. తర్వాత తర్వాత వాళ్లే నన్ను చూడగానే సంచీ తెరవకుండా పొమ్మనేవాళ్లు, కథ మళ్లీ వినాల్సి వస్తుందని కాబోలు.

ఆ ఏడు చింతపండు బాగా దిగింది. గోదాము నిండి వరండాలోకి వచ్చింది. బస్తాలు ఎత్తొద్దని నేను అంటూనే ఉన్నాను, మా ఆయన ఎత్తుతూనే ఉన్నాడు. నడుం పట్టేసింది. వంగితే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. నేను జ్వరం కొలిచి, లేదని చూసుకుని, చెప్పిన మోతాదులో పారాసెటమాల్ ఇచ్చాను. వేడినీళ్ల కాపడం పెట్టాను. కాస్త తగ్గి మళ్లీ వచ్చేది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ఈయన వేసుకునే మందుల్లో ఒకటి ఎముకల్ని బలహీనం చేయగలదు, తగ్గకపోతే తీసుకొచ్చి చూపించండి అన్నారు.

"సీజన్ పోనీ, పోదాం" అన్నాడు.

"సీజన్ ఎప్పుడూ ఉంటది. నడుం ఉండాలె గద" అన్నాను.

ఆయన వినలేదు. ఓ పదిరోజులు మూలుగుతూ, నా మీదా త్రాసు మీదా విసుక్కుంటూ గడిపాడు. తర్వాత ఒక సంత వెళ్లాక ఉన్నట్టుండి మనిషి తేరుకున్నాడు. చకచకా నడిచాడు. ఈలపాట కూడా వేశాడు. నొప్పి పోయినందుకు నాకు సంతోషమే. అయినా అంత నొప్పి అంత తొందరగా ఎక్కడికి పోయిందని లోపల పురుగు తొలిచింది.

"ఎట్ల పోయింది?" అని అడిగాను.

"ఉంటే ఎందుకున్నదని అడుగుతవ్, పోతే ఎందుకు పోయిందని అడుగుతవ్. ఏందే నీ గోల?" అన్నాడు.

రోజులు గడిచేకొద్దీ ఆయన పాదాలు కొంచెం ఉబ్బినట్టు అనిపించింది. చెప్పు గుర్తు చర్మం మీద నిలిచి ఉంటోంది. నిలబడి నిలబడి అలా అయిందన్నాడు. పరీక్ష రోజు దగ్గరపడింది కాబట్టి నేనూ సరే అనుకున్నాను. భద్రాచలంలో రక్తం ఇచ్చి మధ్యాహ్నానికి దోర్నపాల్ తిరిగొచ్చేశాం. సాయంత్రం రిపోర్టు ఫోనులోకి వచ్చింది. ఎప్పుడూ ఒకటి చుట్టూ తిరిగే అంకె రెండు దాటింది.

నేను ఉప్పుబస్తా మీద కూర్చుండిపోయాను. ఫోను తిప్పి చూశాను, పేరు సరిచూశాను, ఇంకెవరిదో వచ్చిందేమోనని ఆశపడ్డాను. మా ఆయనదే. హైదరాబాద్‌కి ఫోన్ చేస్తే అక్కడి నర్సు వరసగా అడిగింది. మందు వేళ తప్పిందా, విరేచనాలయ్యాయా, నీళ్లు తక్కువ తాగారా, నొప్పి గోళీ ఏదైనా వేసుకున్నారా. అన్నింటికీ లేదనే చెప్పాను. రేపే బయల్దేరి రమ్మంది.

ఫోను పెట్టేసి ఆయన ముందు నిలబడ్డాను.

"ఏం మింగిన్రు?"

"ఏం మింగలే."

"గోళీ మింగిన్రు."

"అన్నం మీద ఒట్టు. ఆ డబ్బాలది ఒక్కటి గూడ నోట్ల వేసుకోలే."

నేను నమ్మలేదు. చొక్కా జేబులు వెతికాను, దిండు గలీబు దులిపాను, స్కూటరు సీటు కింద చూశాను, దేవుడి పటాల వెనక కూడా చూశాను. ఏమీ దొరకలేదు. దొరక్కపోవడంతో కోపం ఇంకా పెరిగింది. నా ఒంట్లోంచి కోసి ఇచ్చింది, మీ అబ్బ సొమ్ము కాదు, అనేశాను. ఆపరేషన్ అయినప్పటి నుంచి అనకుండా నాలుక కింద దాచుకున్న మాట అది. ఆయన కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయాడు. అబద్ధం ఆడేటప్పుడు ఆయన ఎక్కువ మాట్లాడతాడు. ఈ మౌనం చూస్తే నాకు ఇంకా భయం వేసింది. నిజంగా ఏమీ వేసుకోకపోతే, ఒళ్లే నా కిడ్నీని తోసేస్తోందన్నమాట. దానికి నేను చేయగలిగింది ఏమీ లేదు.

మర్నాడు సంత. పొద్దున్నే నేను బట్టలు సర్దుతుంటే ఆయన వచ్చి అడ్డాకు పొట్లం ఒకటి సంచీలో పెట్టాడు. దొంగతనంగా కాదు, నా కళ్లముందే, దువ్వెన పెట్టినట్టు పెట్టాడు.

"ఏంది అది?"

"వేరు పొడి. బస్సుల కూసుంటే నడుం పట్టేస్తది గద. పెద్దమ్మ ఇచ్చింది. రోజూ పొద్దున మజ్జిగల కలుపుకొని తాగుతున్న."

పెద్దమ్మ అంటే లోపలి పల్లె నుంచి చింతపండు తెచ్చే ముసలామె. వాళ్లకి నాలుగు మడులు పొలం, మిగతాదంతా అడవి మీద బతుకు. మా మామగారి కాలం నుంచీ సరుకు మాకే వేస్తుంది. తూకం అయ్యాక సంతలో గోనెపట్టా పరుచుకుని వేర్లూ బెరళ్లూ అమ్ముకుంటుంది. మా పెళ్లికి ఆమె తెచ్చిన సారపప్పుతోనే పాయసం వండారు.

"నాటు మందు వద్దని చెప్పిన్రు గద!" అన్నాను.

"నాటు మందంటే బజార్ల మైకు పెట్టి అమ్మేది. ఇది మన పెద్దమ్మ వేరు. గోళీ కాదు, ఏం కాదు. నువ్వు గోళీ మింగినవా అని అడిగినవ్, లేదన్న."

ఆయన నిజంగా అలాగే అనుకున్నాడు. ఆ ముఖం చూస్తే తెలుస్తోంది. పొట్లం విప్పాను. గోధుమ రంగు పొడి, మట్టి వాసన. వేలితో కదిపితే మధ్య మధ్య మెరిసే పెంకుల్లాంటివి కనబడ్డాయి. గోరంత కూడా లేవు. ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని వాకిట్లో ఎండలోకి వెళ్లి చూశాను. నారింజ రంగు.

ఆ రంగు నేను ఎన్నిసార్లు ఆయన వేళ్ల నుంచి కడిగించానో. ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు, అయినా ఆమె నోటితో వినాలనిపించింది. బస్సుకి ఇంకా టైముంది. చెప్పులు వేసుకుని సంతలోకి దాదాపు పరుగెత్తాను. ఎండుచేపల వరసలు, అల్యూమినియం గిన్నెలవాళ్లు, కోళ్ల బుట్టలు దాటుకుని వెళ్తుంటే, ఆమెని ఏమేం తిట్టాలో నోట్లో సిద్ధం చేసుకుంటూ నడిచాను.

ఆమె నన్ను చూసి పక్కకి జరిగి కూర్చోమని గోనెపట్టా తట్టింది. నేను కూర్చోలేదు.

"పెద్దమ్మా, ఈ పొడిల ఏం కలిపినవ్?"

"నడుం వేరు బిడ్డా. మా అత్త చూపిచ్చింది నాకు."

"ఈ రంగుది ఏంది?"

ఆమె నా అరచేతిని కళ్ల దగ్గరికి లాక్కుని చూసింది. "అదా. గోళీ. సేటు ఇచ్చిందే."

ఏ దాపరికమూ లేదు. ఉప్పు వేశాను అన్నట్టు చెప్పింది.

"గోళీ ఎందుకు కలిపినవ్?"

"వేరు మెల్లగ పట్టుద్ది. మల్ల సంత దాక ఎవరాగుతరు? తగ్గలేదని మీద పడ్తరు. గోళీ నూరి కలిపితె ఆ పూటనే దిగుద్ది. నేను మింగ బిడ్డా, నాకు కడుపుల మంట. సేటు ఇచ్చినయన్ని దాచిపెడ్త. మా ఊరోళ్లు గూడ వాళ్లయి నాకే ఇస్తరు."

"మా ఆయనకి గూడ అదే ఇచ్చినవా?"

"ఆయనకి రొండెక్కువ ఏసిన" అంది. ముఖం వెలిగింది. "మన సేటు గద. నొప్పని మూలుగుతుంటె చూడబుద్ధి కాలే. ఆయన ఇచ్చిందే, ఆయనకి ఇచ్చిన. మంచిగైండా?"

సిద్ధం చేసుకున్న తిట్లన్నీ ఎటు పోయాయో తెలియదు. ఆ గోనెపట్టా మీదే కూర్చున్నాను. ఎవరి మీద కోప్పడాలో తెలియక నాకు ఏడుపొచ్చింది. మా గల్లాపెట్టె కింది నుంచి బయల్దేరిన గోళీ అరచేతులు మారి, అడవిలోకి నడిచి, రోట్లో నలిగి, ఆకులో చుట్టుకుని, మా వంటింట్లో మజ్జిగ గ్లాసులోకి వచ్చింది. నేను కాపలా కాసింది తలుపు దగ్గర.

నీడ పడితే తల ఎత్తాను. మా ఆయన సంచీ భుజాన వేసుకుని వెనక నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

"మంచిగనే ఉన్న పెద్దమ్మా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "మంచిగ లేడు. ఈ గోళీ ఆయనకి విషం. ఈ పొడి ఎవరికీ ఇయ్యకు పెద్దమ్మా. కిడ్నీలు పాడైతయి" అన్నాను.

ఆమె నన్ను చూసింది, ఆయన్ని చూసింది. "చెడ్డదైతె సేటు ఎందుకిచ్చె, బిడ్డా?" అంది. ఎత్తిపొడుపు లేదు, తెలుసుకుందామనే అడిగింది. మా ఆయన సంచీ ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. అప్పుడే బస్సు హారన్ వినబడింది.

హైదరాబాద్‌లో పొడి పొట్లం డాక్టరమ్మ చేతిలో పెట్టాం. వేరు సంగతి ఏమో, కిడ్నీని చెరపడానికి ఈ గోళీ ఒక్కటి చాలు అంది. ఇంకేం కలిసి ఉంటాయో ఎవరికి తెలుసు అంది. పొడి ఆపించి, ఆసుపత్రిలో చేర్చుకుని, సెలైన్ పెట్టి, పెద్ద మందు రక్తంలో ఎంతుందో చూసి మోతాదు మార్చారు. ఎముకలకి కూడా ఫోటోలు తీశారు, అక్కడ భయపడాల్సింది లేదన్నారు. నేను రోజూ అంకె కోసం కారిడార్లో తిరుగుతూ గోడకున్న ప్రతి బోర్డూ చదివేశాను. అంకె మెల్లగా దిగింది. పాత చోటికి మాత్రం రాలేదు, ఒక మెట్టు పైనే నిలబడిపోయింది. ఇంకొన్ని వారాలు ఆగి ఉంటే ఇదీ దక్కేది కాదని డాక్టరమ్మ అంది. నా కిడ్నీలో ఆ కాస్త భాగం ఇంక తిరిగి రాదని నాకు అర్థమైంది. ఇవ్వడానికి నా దగ్గర ఇంకోటి లేదు.

ఇంటికి పంపేటప్పుడు నేను అడగాల్సినవి అన్నీ అడిగాను. నడుం నొప్పికి ఏ వ్యాయామాలు, ఎంత దాకా పారాసెటమాల్, ఎప్పుడు ఫోన్ చేయాలి. మా ఆయన ఒక్కటే అడిగాడు.

"కిడ్నీలు మంచిగున్నోళ్లకి గూడ ఆ గోళీ చెరుపు చేస్తదా మేడం?"

"ఎప్పుడో ఒకసారి, తిన్నాక, నీళ్లు బాగా తాగుతూ వేసుకుంటే చాలామందికి ఏమీ కాదు" అంది ఆమె. "ఎండలో పనిచేస్తూ, నీళ్లు చాలక, ఖాళీ కడుపున, అదే పనిగా నెలల తరబడి వేసుకునేవాళ్లకి చేయొచ్చు. బాగా పాడయ్యేదాకా తెలియదు కూడా."

ఆయన తల ఊపలేదు. తిరుగు ప్రయాణమంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నడుం నొప్పి అని కూడా అనలేదు. నేనే మధ్యమధ్య నుదురు తాకి చూశాను.

దుకాణం తెరిచాక ఆ డబ్బాని ఆయనే ఖాళీ చేశాడు. కొసరుకి బెల్లం ముక్కలు కొట్టి పెట్టుకున్నాడు. మొదటి సంతరోజు జనం బెల్లం తీసుకుని, నోట్లో వేసుకుని, మళ్లీ చెయ్యి చాచారు. ఆయన తెలుగులో చెప్పాడు, గోండిలో చెప్పాడు, హిందీలో చెప్పాడు. నడుం దగ్గర వేలు పెట్టి, ఈడ ఉంటయి, పాడైతయి అని చూపించాడు. వాళ్లు నవ్వారు. గోళీ సేటు పిసినారి అయ్యాడని ఎవరో అన్నారు.

పెద్దమ్మ కూడా వచ్చింది. చింతపండు తూకం అయింది, ఉప్పూ నూనె కట్టించుకుంది, చెయ్యి చాచింది. ఆయన అందరికంటే పెద్ద బెల్లం ముక్క పెట్టాడు. ఆమె దాన్ని చూసి కొంగున కట్టుకుంది.

"గోళీ?"

"వద్దు పెద్దమ్మా. అది ఇగ ఇయ్య."

ఆమె మూట నెత్తిన పెట్టుకుని మెట్టు దిగి, రోడ్డు దాటింది. ఎదురు దుకాణంలో అప్పటికే నారింజ రంగు అట్టలు వేలాడుతున్నాయి. మేం హైదరాబాద్‌లో ఉన్న రోజుల్లో మా గిరాకీ కొంత అటు మళ్లింది, వాళ్లు మా ఆనవాయితీని కూడా అందుకున్నారు. ఆమె అక్కడ సబ్బు ఒకటి కొని చెయ్యి చాచింది. ఆమె వెనక ఇంకో నలుగురు ఉన్నారు.

మా ఆయన గల్లాపెట్టె మీద మోచేతులు ఆనించి అటే చూస్తున్నాడు. సాయంత్రం మందుకి వేళయింది. నేను నీళ్ల గ్లాసు, గోళీలు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఆయన వాటిని తీసుకుని, నోట్లో వేసుకోకుండా అరచేతిలోనే పట్టుకున్నాడు.

"నాకైతే కిడ్నీ నువ్విచ్చినవ్" అన్నాడు. "వాళ్లకెవరిస్తరే?"

"ముందు అవి మింగండి" అన్నాను. ఆయన మింగాడు.